లావణ్యలో లావు లేదు, ఉప్పుంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో పిల్లల పేర్లకు అర్థాలు ఇస్తున్నారు. మొన్న ‘లావణ్య’ వంతు వచ్చింది. ‘అందమైనది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా మనవరాలి పేరు అదే. ఆరో తరగతి. ‘లావు లావణ్య’ అంటూ క్లాసులో ఏడిపిస్తున్నారట. పేపరు పట్టుకొచ్చి, “ఇందులో లావు ఎక్కడుంది తాతయ్యా?” అంది. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా!

లావుకీ దీనికీ చుట్టరికమే లేదు. మధురం నుంచి మాధుర్యం వచ్చినట్టే లవణం నుంచి లావణ్యం. లవణమంటే ఉప్పు. ఆ మాట వినగానే పిల్ల మొహం ముడుచుకుంది. లావే నయమనుకున్నట్టుంది.

మాది చినగంజాం. మా నాన్న ఉప్పు మళ్లలో పనిచేసి మమ్మల్ని పెంచాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దాన్ని మడి గట్టు మీదికి తీసుకెళ్లాను. చిక్కబడ్డ ఉప్పునీటి మీద అప్పుడే పల్చటి పొర కడుతోంది. ఆవగింజంత పలుకులు తేలుతూ, గాలికి నీళ్లు కదిలినప్పుడల్లా తళుక్కుమంటున్నాయి. కాస్త బరువెక్కాయో, అడుక్కి దిగిపోతాయి. పిల్ల చాలాసేపు వంగి చూసింది.

ముత్యం లోపల కదలాడే కాంతి లాంటిది ఒంట్లో కనిపిస్తే అదే లావణ్యమని 16వ శతాబ్దంలో వైష్ణవ కవి రూపగోస్వామి రాశాడు. ఆయన చినగంజాంలో పుట్టుంటే ముత్యం బదులు ఉప్పుకల్లు అనేవాడని నా నమ్మకం. అంతకు చాలా ముందే, 9వ శతాబ్దపు కశ్మీరంలో కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు ఇంకా మంచి మాట చెప్పాడు. స్త్రీలలో లావణ్యం విడివిడి అవయవాలకు మించి ఎలా భాసిస్తుందో, మహాకవుల మాటల్లో ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం, అలా ఉంటుందన్నాడు. కళ్లు, ముక్కు, చెంపలు అని ఏరి చూపిస్తే దొరకదన్నమాట. కూరలో ఉప్పు కూడా అంతే కదా, గరిటెతో తీసి చూపించలేం. హిందీవాళ్ల ‘సలోనీ’ కూడా ఉప్పు నుంచి పుట్టిన పేరే.

కాబట్టి వచ్చే ఆదివారం ఆ పేరు పక్కన ‘ఉప్పు’ అన్న మాట కూడా వేయండి. అయితే ఒక్క సంగతి దాచకూడదు. మనవరాలు ఇదంతా గర్వంగా క్లాసులో చెప్పిందట. ఇప్పుడు ‘ఉప్పమ్మా’ అని పిలుస్తున్నారు. ఆ తప్పు మాత్రం మీది కాదు, నాదే.

– ఒక రిటైర్డ్ తెలుగు పండిట్, చినగంజాం