యంత్రానికి సబ్సిడీ సరే, పిక్కలు కొనేదెలా?

సంపాదకుడు గారికి,

మార్చి వచ్చిందంటే జీడి తోటలుండే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరిని కదిపినా ఒకటే మాట: ఈ ఏడు బస్తా ఎంత పలుకుతోంది? 80 కిలోల జీడి పిక్కల బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని రైతులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. అడగాల్సిందే. అయితే ఆ పిక్క పప్పుగా మారి అంగడికి చేరేలోపు జరిగే పనుల్లో మా పల్లెలకు దక్కేదెంత అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా మండలంలోని పల్లిసారథి దగ్గరే తీరం దాటింది. ఏళ్ల తరబడి పెంచుకున్న జీడి చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో సహా పడిపోయాయి. మళ్లీ నాటుకున్నాం, మళ్లీ కాపు చూస్తున్నాం. కానీ ఏరిన పిక్కల్ని రెండు మూడు రోజులు సరిగ్గా ఎండబెట్టకుండానే అమ్మేస్తున్నాం. చేతిలో డబ్బు లేక పిక్కలు కొనే షావుకారి దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకుని ఉంటాం మరి. ఇందులో ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆ రాత్రి డబ్బు సర్దేది ఆయనే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ వ్యాపారంలో పిక్కకు అసలు విలువ కట్టేది కోత పరీక్షతో. బస్తాలోంచి ఒక కిలో పిక్కలు తీసి, కోసి, పనికొచ్చే పప్పు తూకం వేస్తారు. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో దాన్నిబట్టి లెక్కగడతారు. విదేశాల నుంచి పిక్కలు తెప్పించుకునే ఫ్యాక్టరీలు ఈ లెక్క చూడకుండా కొనవు. మా ఊళ్లో మాత్రం గుప్పెడు పిక్కలు చేతిలోకి తీసుకుని, గలగలలాడించి ధర చెప్పేస్తారు. బాగా ఎండబెట్టిన మనిషికీ, పచ్చివి తెచ్చిన మనిషికీ ఒకటే ధర. అలాంటప్పుడు ఎవరు మాత్రం శ్రమపడి ఎండబెడతారు?

కొన్నేళ్ల కిందట మా పొదుపు సంఘంలో పది మందిమి కలిసి, అప్పు చేసి, సబ్సిడీ కలుపుకుని ఒక చిన్న యూనిట్ పెట్టుకున్నాం. పిక్కలు ఉడికించడానికి బాయిలర్, కోసే యంత్రం, పప్పు ఆరబెట్టే డ్రయర్. మొదట్లో సగానికి సగం పప్పు ముక్కలయ్యేది. మా వదిన నెల రోజులు దాని దగ్గరే కూర్చుని, పిక్క సైజును బట్టి బ్లేడు ఎలా సర్దాలో పట్టేసింది. తొక్కలోని జీడి అంటి ఆమె వేళ్ల చర్మం ఊడిపోయింది, ఇప్పటికీ గోళ్లు నల్లగానే ఉంటాయి. కానీ ఆ తర్వాత ముక్కలు కాని గుండు పప్పు చక్కగా దిగింది. పొట్టు తీసి, పౌండుకు 320 గింజలు తూగే రకాన్ని విడిగా ఏరి ట్రేలో పోసిన రోజు మా సంతోషం ఇంతా అంతా కాదు.

జూలైకి పిక్కలు అయిపోయాయి. అంతే, యూనిట్ ఆగిపోయింది.

మా ప్రాంతంలో కాపు మార్చి నుంచి మే దాకానే. ఏడాదంతా పని నడవాలంటే ఆ మూడు నెలల్లోనే సరుకు కొని పెట్టుకోవాలి. రోజుకు ఒక్క బస్తా చొప్పున 300 రోజులకు 300 బస్తాలు. బస్తా 12 వేలు అనుకున్నా 36 లక్షలు కావాలి. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. మంచిదే. సంఘాలకు మూలధనంగా సభ్యురాలికి 40 వేలు అన్నారు. పది మందికి 4 లక్షలు. దాంతో వచ్చేది 33 బస్తాలు, అంటే నెల రోజుల పని. మిగతా నెలలు యంత్రం ఖాళీ, బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. మాలో ఇద్దరు మళ్లీ పలాస జీడి ఫ్యాక్టరీల్లో పొట్టు తీసే కూలికి వెళ్లిపోయారు.

బ్యాంకును అడిగితే తాకట్టు ఏముందన్నారు. గోదాములో ఉన్న పిక్కలే తాకట్టు అన్నాం. మా ఊళ్లో గోదామే లేదు. కాబట్టి మేం అడిగేది ఇదీ: పిక్కలు ఎండబెట్టుకోవడానికి ఊరికి ఒక సిమెంటు కళ్లం, నాలుగైదు ఊళ్లకు కలిపి తేమ తగలని గోదాము కట్టాలి. అక్కడే కోత పరీక్ష చేసి, పౌండ్ల లెక్క రాసిన రసీదు ఇవ్వాలి. ఆ రసీదు మీద రైతుకూ, సంఘానికీ అప్పు పుట్టాలి. రైతుకు చేతిలో డబ్బు ఆడితే తొందరపడి అమ్ముకోడు, మాకు ఏడాది పొడవునా పిక్క దొరుకుతుంది.

అమ్మకం కూడా ఒక్క సంఘం వల్ల అయ్యే పని కాదు. తిరుమల లడ్డూకే ఎంత జీడిపప్పు కావాలి! పది మంది ఆడవాళ్లం అంత సరుకుకు టెండర్ వేయగలమా? ఇరవై సంఘాల పప్పును ఒకేచోట గ్రేడింగ్ చేసి, ఒకే పేరుతో అమ్మే రైతు ఉత్పత్తిదారుల సంస్థ ఉంటే అప్పుడు ధైర్యం వస్తుంది. జీడి తొక్కను కూడా అప్పుడే నూనె తీసేవాళ్లకు లారీ లెక్కన అమ్మొచ్చు. ఇప్పుడు పొయ్యిలోకి పోతోంది.

మా యంత్రం టార్పాలిన్ కింద ఉంది. తుప్పు పట్టకుండా వదిన నెలకోసారి నూనె పూస్తూనే ఉంది. వచ్చే మార్చి లోపు అప్పు మంజూరైతే ఏప్రిల్‌లో మొదలుపెడతాం. మే దాటాక మంజూరైతే మాత్రం కొనడానికి ఊళ్లో పిక్క ఉండదు. అధికారులూ, బ్యాంకులూ ఈ ఒక్క తేదీ గుర్తుపెట్టుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా