డిస్కు కనపడటం లేదని కంగారు పడకు

ఒరేయ్ శీనూ,

నీ లైనక్స్ మెషీన్‌లో రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) లేవడం లేదన్నావుగా? నేను చెప్పేదాకా దేన్నీ ఫార్మాట్ చేయకు. ఈమధ్యే దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాబాయి ఫొటో స్టూడియోలో ఇదే గొడవైంది. పెళ్లి ఫొటోలన్నీ రెండు డిస్కుల రెయిడ్ 1లో, అంటే రెండింట్లోనూ ఒకే కాపీగా ఉంటాయి. కరెంటు పోయి వచ్చాక చూస్తే ఫోల్డరు ఖాళీ! బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను వెళ్లేసరికి ఎవరో కుర్రాడు "ఎండీఏడీఎంతో ఎరే మళ్లీ క్రియేట్ చేసేద్దాం సార్" అంటున్నాడు. ఎండీఏడీఎం అంటే లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే కమాండు, ఎరే అంటే ఆ డిస్కుల జట్టు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టి టీ తాగించాన్లే. క్రియేట్ కొడితే పాత సూపర్‌బ్లాకు (ఏ డిస్కు ఏ ఎరేదో డిస్కు మీదే రాసి ఉండే వివరం) మీద కొత్తది రాసేస్తుంది. పైగా ఎండీఏడీఎం వెర్షన్ మారితే డేటా మొదలయ్యే చోటు కూడా మారొచ్చు. ఇక ఫొటోలకి నీళ్లొదులుకోవడమే.

ముందు ప్రాక్ ఫోల్డర్లో ఎండీస్టాట్ (రెయిడ్ పరిస్థితి చూపే ఫైలు) చూశా. బాబాయి ఎరే పేరు ఎండీ0, అది లేదు. దాని బదులు ఎండీ127 అని ఒకటి ఇన్‌యాక్టివ్‌గా పడి ఉంది. అందులో ఉన్నది ఒక్క డిస్కే, పక్కన బ్రాకెట్లో ఎస్ (స్పేర్) అని. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే రెండో డిస్కు అసలు లేనే లేదు. లైనక్స్ గుండెకాయ కెర్నల్‌కే కనపడని డిస్కుని ఎండీఏడీఎం ఎక్కణ్ణుంచి తెస్తుందిరా? అందరూ ఇక్కడే బోల్తా పడతారు, రెయిడ్‌ని తిడుతూ కూర్చుంటారు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఆ సాటా పోర్టు (డిస్కు కేబుల్ తగిలించే చోటు) లింకు డౌన్ అని చక్కగా రాసే ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి కొత్త కేబుల్ తెచ్చి మార్చా, డిస్కు వచ్చేసింది. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో 199వ నంబరు, సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిన సార్ల) లెక్క చూస్తే బాగానే పెరిగి ఉంది. అది పెరిగితే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే.

ఆ డిస్కు పేరు ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీసీ అయింది, ఫర్వాలేదు. ఎండీఏడీఎం యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) చూస్తుంది గానీ పేరు కాదు. ఎగ్జామిన్ కొట్టి రెండింటి ఈవెంట్ లెక్కా (ఎరేలో మార్పులతో పాటు పెరిగే అంకె) పోల్చా, ఒకటే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని ఎండీ127ని స్టాప్ చేసి, అసెంబుల్ స్కాన్ అన్నా. స్టాప్ చేయకపోతే డిస్కు బిజీ అని మొండికేస్తుంది, గుర్తుంచుకో. ఎండీస్టాట్‌లో రెండు యూలూ (రెండు డిస్కులూ పనిచేస్తున్నాయని గుర్తు) కనపడ్డాయి, రీసింక్ (రెండు కాపీల్నీ ఒకటి చేయడం) మొదలైంది. ఆ పర్సెంటేజీ చూస్తూ బాబాయి అన్నం కూడా తినలేదు!

ఎండీ127 అనే పేరు పోవాలంటే ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్లో ఎరే లైను రాసి, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ అయ్యేటప్పుడు వాడే ఫైలుని మళ్లీ తయారుచేసే కమాండు) కొట్టాలి. రెండోది చాలామంది వదిలేస్తారు, రీబూట్ అయ్యాక మళ్లీ 127 ప్రత్యక్షం.

బ్యాకప్‌కి ఇంకో డిస్కు కొను బాబాయీ అంటే, సీజన్ అయ్యాక చూద్దాంలేరా అన్నాడు. నువ్వు ఎండీస్టాట్, డీమెసేజ్ రెండూ ఫొటో తీసి ఈ రాత్రికే పంపు.

నీ
రాజు