బటన్లు సరే, కథ ఎవరు నేర్పుతారు?

సంపాదకుల గారికి,

మా అమ్మాయి అనంతపురంలో యానిమేషన్ కోర్సు చేస్తోంది. ఏడాదిగా సాఫ్ట్‌వేర్ బటన్లే నేర్పుతున్నారు, కథ గురించి ఒక్క క్లాసూ లేదు. 1995లో పూర్తిగా కంప్యూటర్ మీదే తొలి పూర్తి నిడివి సినిమా తీసిన అమెరికా యానిమేషన్ స్టూడియో పిక్సార్‌లో అయితే, సగం తయారైన సినిమానే తోటి దర్శకులకు చూపిస్తారు, ఎక్కడ బోరు కొట్టిందో వాళ్లు మొహం మీదే చెబుతారు, ఆ మాట వినాలా వద్దా అన్నది మాత్రం తీసే దర్శకుడి ఇష్టమే. ఎంత గొప్ప పద్ధతి!

ధర్మవరం దగ్గరే, బొమ్మలాడిస్తూ కథ చెప్పే నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు ఉన్నారు. కోర్సు నడిపేవాళ్లకు నా మాట ఒక్కటే: కథ నేర్పడానికి వాళ్లను క్లాసుకు పిలిపించండి.

- ఒక తండ్రి, అనంతపురం