కోటిపల్లి రైలు కంటే ముందే వచ్చిన సంఘాలు

సంపాదకులకు నమస్కారం.

కాకినాడ–కోటిపల్లి రైలు మార్గంపై మీ జిల్లా అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని మా ఊళ్లో చాలామంది ఆసక్తిగా చదివారు. 1928లో లైను వేయడం, రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో పట్టాలు పీకి తీసుకుపోవడం, 2004లో మళ్లీ రైలు రావడం వరకు వ్యాసకర్త రాసినదంతా సరిగానే ఉంది. అయితే ఈ మార్గంలోని చిన్న గ్రామాలకు క్రైస్తవ సంఘాలు రైలు వెంట వచ్చాయనీ, రైలు కట్ట పనికి వచ్చిన కూలీలను చేరదీసి మిషనరీ దొరలు చర్చిలు కట్టించారనీ రాసిన రెండు వాక్యాలు మాత్రం వరుసను తలకిందులు చేశాయి. కరప, రామచంద్రపురం మధ్య ఈ లైను పక్కనే పుట్టి పెరిగినవాడిగా, మా ఊరి బాప్టిస్టు సంఘానికి కొంతకాలం కార్యదర్శిగా ఉండి దాని పాత పుస్తకాలు తిరగేసినవాడిగా ఆ మాట సరిదిద్దవలసి ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో ఇంగ్లండు నుంచి భార్యలతో సహా వచ్చి, కొద్దికాలానికే పాలకొల్లు, నరసాపురం కేంద్రాలుగా పని మొదలుపెట్టేనాటికి రైలు మాట అటుంచి, ధవళేశ్వరం ఆనకట్టకు పునాది కూడా పడలేదు. కాటన్ దొర ఆ పని చేపట్టింది 1847లో, ముగించింది 1852లో. ఇక కాకినాడ వైపు సంగతి చూస్తే, తంతి శాఖలో ఉద్యోగం చేసి మానుకున్న థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు ముందుగా బాప్టిస్టు సంఘాన్ని మొదలుపెట్టగా, కెనడా నుంచి వచ్చిన జాన్ మెక్‌లారిన్ 1874లో ఆ పనిని చేపట్టారు. అంటే ఇక్కడ దొరల రాకకు ముందే ఒక తెలుగు సంఘం ఉంది. బోధకులను తయారుచేయడానికి సామర్లకోటలో 1882లో వేదాంత పాఠశాల వెలసింది. విజయవాడ నుంచి కటకం (కటక్) దాకా తూర్పు తీర రైలు మార్గం తెరుచుకున్నది 1893–96 మధ్యకాలంలో; రాజమహేంద్రవరం దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు గోదావరి దాటింది 1900లో. ఈ రోజు అందరూ జంక్షనుగానే ఎరిగిన సామర్లకోటకు రైలు కంటే పదేళ్లకు పైగా ముందే బోధకుల బడి వచ్చిందన్నమాట. మా కోటిపల్లి లైను వీటన్నిటికంటే చాలా తర్వాతిది. దొరలు డెల్టా ఊళ్లకు వచ్చిందీ, పోయిందీ ఎక్కువగా కాలువల్లో, పడవల మీద, లాకులు దాటుకుంటూ.

పైగా ఊళ్లలో సంఘాలను నిలబెట్టింది ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే దొరలు కారు. దళితుల పేటలోనే కాపురముండి పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, కూలికి వెళ్లినవాళ్లు తిరిగివచ్చాక రాత్రి దీపం వెలుగులో ప్రార్థన జరిపిన ఉపదేశులు, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు ఆ పని చేశారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం కానుకగా తెచ్చిన ఆడవాళ్ల వల్లనే మా తాటాకు పాక పెంకుటిల్లయింది. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. డెల్టాలో పాత సంఘాలు చాలా వరకు ఇలాగే బతికాయి.

అయినా రైలుకూ మా సంఘానికీ సంబంధం లేదని నేను అనడం లేదు. వరి పొలాల మధ్య ముంపు తగలకుండా ఎత్తుగా కట్ట పోయడానికి మట్టి మోసినవారిలో ఎక్కువమంది మా పేటవాళ్లే. ధాన్యం కొలిచి కూలి ఇచ్చే రోజుల్లో వారి చేతికి డబ్బు రూపంలో కూలి వచ్చింది ఆ పనిలోనే. సంఘం పుస్తకంలో వృత్తి రాసే గడిలో అప్పటిదాకా ‘కూలి’, ‘పాలికాపు’ (పాలేరు) తప్ప మరొకటి కనిపించదు. కట్ట పడిన తర్వాతి పుటల్లో ‘రైలు గ్యాంగు’ అన్న మాట మొదటిసారి వస్తుంది. మా చర్చి గంట కూడా మూరెడు రైలు పట్టా ముక్కే. వేపచెట్టు కొమ్మకు గొలుసుతో వేలాడదీసి ఉంటుంది. దాని నడుము మీద ఉబ్బెత్తుగా పోసిన ఇంగ్లీషు అక్షరాలు సుత్తి దెబ్బలకు సగం అరిగిపోయాయి. 1940లో పట్టాలన్నీ యుద్ధానికి పోయాయంటారు గాని, ఈ ముక్క మాత్రం ఎలా మిగిలిందో మా పెద్దలను అడిగితే నవ్వి ఊరుకునేవారు.

వ్యాసకర్త 1940 నుంచి నేరుగా 2004లోకి దూకారు. ఆ అరవై నాలుగేళ్లూ ఆ కట్ట ఖాళీగా లేదు. వానాకాలంలో పేటవాళ్లకు బురద అంటని బాట అదొక్కటే. బడికీ, సంతకూ, క్రిస్మస్ ముందు రాత్రి పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరగడానికీ, శవపేటికను సమాధుల దొడ్డికి మోసుకుపోవడానికీ ఆ దారే. కట్ట వెంట గుడిసెలు లేచాయి. సంఘాలు చీలింది కూడా ఆ కాలంలోనే. ఒక బాప్టిస్టు సంఘం నుంచి పెంతెకొస్తు సంఘం విడిపోయింది, దానినుంచి మరొకటి. విడిపోయినవారంతా సిద్ధాంత భేదమనే చెబుతారు. కోశాధికారి లెక్కల పుస్తకం చదివినవారికి వేరే కారణాలూ కనిపిస్తాయి. లైను మళ్లీ వేసినప్పుడు కట్ట మీది కాపురాలు కదలవలసి వచ్చింది. ఎవరు ఎక్కడికి వెళ్లారో తెలుసుకోవడానికి మాకున్న ఆధారం సంఘ సభ్యుల పట్టికలే.

ఆ పుస్తకాలను చదవడానికి కొంత ఓపిక కావాలి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసి విశ్వసించినవారినే కాలువలో ముంచి ఇస్తారు. అందువల్ల రిజిస్టరులో పుట్టిన తేదీ ఉండదు, ఇంచుమించు వయసు మాత్రమే ఉంటుంది. పాత పేరు, కొత్త పేరు, ఇంటిపేరు, పెళ్లికూతురైతే ఏ ఊరి ఆడపడుచో కూడా రాసేవారు. క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత బడిలో ఒక పేరు, సంఘంలో మరొక పేరు వాడుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కనుక, ఈ పుటలను బజారున పెట్టమని నేను కోరను. కాని భూమి లేనివారి పేర్లు భూమి పత్రాల్లోకి ఎక్కవు. ద్రాక్షారామం భీమేశ్వరాలయ శాసనాల్లో రాజులు, రాణులు, దాతలు ఉన్నారు. మా తాతల పేర్లు వరుసగా ఉన్నది ఈ చెద తింటున్న అట్టల మధ్యనే.

కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 2000–01లో మంజూరైన లైను పూర్తయితే కోనసీమలోని మరికొన్ని ఊళ్ల మీదుగా కొత్త కట్ట వెళ్తుంది. ఆ దారిలో ఉన్న సమాధుల దొడ్లను, ప్రార్థన మందిరాలను, వాటి పుస్తకాలను పనులు దగ్గరకు రాకముందే ఫొటోలు తీయించి భద్రపరచమని సంఘ పెద్దలను కోరుతున్నాను. ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఊరికొక ఫోను, ఇద్దరు కుర్రాళ్లు చాలు. వ్యక్తుల వివరాలు సంఘం అధీనంలోనే ఉంచి, నూరేళ్లు దాటిన పుటలను మాత్రం ప్రభుత్వ పురాలేఖన శాఖకు నకలుగా ఇవ్వవచ్చు. ఇక మీ అనుబంధంలో చర్చిలు రైలు వెంట వచ్చాయన్న వాక్యానికి సవరణ వేయగలరని మనవి. పాఠశాలల పిల్లలు ఆ పేజీని కత్తిరించి ప్రాజెక్టు పుస్తకాల్లో అంటించుకుంటున్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కరప మండలం