వార్షిక నివేదిక: కాన్పు తర్వాత మొదటి వారం

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు ఒక్క వారం చుట్టూనే తిరిగింది. నెలలోపు చనిపోయే పసిబిడ్డల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పుట్టిన వారంలోపే పోతారు. మన రిజిస్టర్లలో చూస్తే గర్భిణుల పేజీలు నిండుగా ఉన్నాయి, ఆ వారం పేజీలేమో ఖాళీ. ఇందులో ఆరోగ్య కార్యకర్తల తప్పు లేదు, కాన్పు కబురే వాళ్లకి ఆలస్యంగా అందుతోంది. అందుకే తొమ్మిదో నెల రాగానే ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు రాసుకుని, రోజు విడిచి రోజు మనమే ఫోన్ చేయడం మొదలుపెట్టాం. పుట్టిన 24 గంటల్లోపు, మూడో రోజు, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరో వారం: తల్లీబిడ్డలకి చేయాల్సిన ఈ నాలుగు పరీక్షల్లో మూడో రోజుదే ఇప్పటికీ ఎక్కువగా తప్పిపోతోంది.

శిక్షణలో ఎక్కువ సమయం తీసుకున్నది ఊపిరి లెక్క. మొదట్లో అందరూ అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసేశారు. చంటిబిడ్డ ఊపిరి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి సాగుతుంది కాబట్టి ఆ లెక్కని నమ్మలేం. చొక్కా పైకి తీసి, ఏడుపు ఆగేదాకా ఆగి, నిండు నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా అంతకు మించి వస్తే మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే వెంటనే ఆస్పత్రికి పంపాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి ఈ హద్దు 50, అయిదేళ్ల లోపు వాళ్లకి 40.

ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. ఒక బిడ్డని దుప్పటితో కలిపి తూచి, బరువు బాగానే ఉందని రాసుకున్నాం. తర్వాతిసారి దుప్పటి తీసి తూస్తే 2,500 గ్రాములు కూడా లేడు. తల్లి గుండెకి ఆనించి వెచ్చగా ఉంచే పద్ధతి అప్పుడు చెప్పాల్సొచ్చింది, మొదటి రోజే చెప్పాల్సింది. ఇప్పుడు తూచే ముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడటం కార్యకర్త మొదటి పని.

విరేచనాలకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ ఉన్నాయి, జింక్ మాత్రలే మధ్యలో అయిపోయాయి. విరేచనాలు ఆగగానే మాత్రలూ ఆపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 10 నుంచి 14 రోజులు వేయాలని ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది.

ఆరోగ్య కార్యకర్తలకి చేసిన పనికి తగిన వేతనం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనమేమో ప్రయాణ ఖర్చులు కూడా ఆలస్యంగానే ఇస్తున్నాం. సర్వసభ్య సమావేశంలో మొదట దీని మీదే చర్చిద్దాం. కొత్త కాటాల కొనుగోలు ఆ తర్వాత.