అరచేతంత బెరడు తర్వాత మొలిచిందా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో గ్రానైట్ పలకలు విదేశాలకి పంపే చెక్క పెట్టెల విషయంలో ఎగుమతిదారుల నిర్లక్ష్యం గురించి వార్త వచ్చింది. అప్పటి నుంచి ఒంగోలు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు 'ఏంటండీ, కర్రకి మందు కూడా కొట్టించుకోలేరా?' అని అడుగుతున్నారు. ఆలస్యమైనా అందుకే రాస్తున్నాను.

ముందు ఆ మందు సంగతి. అది పైపైన కొట్టేదని మీ విలేకరి గారు రాశారు, కానీ కాదు. 2002లో వచ్చిన అంతర్జాతీయ నిబంధన ప్రకారం లోపలి పురుగు చచ్చేలా, బెరడు తీసిన కర్రని నడిమధ్య దాకా 56 డిగ్రీలకి వేడెక్కించి, ఆ వేడి 30 నిమిషాలు తగ్గకుండా చూడాలి. లేదా మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించాలి. ఆ తర్వాతే గోధుమ కంకి బొమ్మ, మన దేశానికి 'ఐఎన్', ట్రీట్‌మెంట్ చేసినవాళ్ల నంబరు ఉన్న ముద్ర పడాలి. ప్లైవుడ్‌కి ఇవేవీ అక్కర్లేదు, నిజమే. టన్నుల బరువున్న బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ స్లాబులని, అంటే పలకలని, ప్లైవుడ్‌తో ఎలా బిగించాలో ఎవరైనా చెబితే నేర్చుకుంటాం.

నా కంటైనర్ ఒకటి యూరప్ రేవులో ఆగిపోయింది. పెట్టెకి ముద్ర ఉంది, చేతిలో సర్టిఫికెట్ ఉంది. తెరిచి చూస్తే నల్లటి పలక మీద పురుగు కర్రని తొలిచిన తెల్లటి పొడి, ఎవరో ముగ్గుపిండి చిటికెడు చల్లినట్టు! సరుకు కొన్న పార్టీ వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ట్రీట్‌మెంట్ చేసినాయనని అడిగితే 'మా దగ్గర నుంచి వెళ్లాక పురుగు పట్టి ఉంటుందండీ' అన్నాడు. సరే, పురుగు తర్వాతే పట్టిందనుకుందాం. అదే ఫొటోలో కర్ర లోపలి వైపు కనపడుతున్న అరచేతంత బెరడు కూడా తర్వాతే మొలిచిందా? లోడింగ్ రోజు తిప్పి చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ పూర్తి డబ్బు కట్టి రసీదు తీసుకున్నవాడు ప్రతి కర్రనీ తిప్పి చూడాలంటే ఇక ఆ ముద్ర దేనికి? రేవు అద్దె, పెట్టెలు మార్చిన కూలి, ఆ కర్ర తగలబెట్టిన ఖర్చు అన్నీ నా నెత్తినే పడ్డాయి.

ఇదంతా తెల్లవాళ్ల చాదస్తమనేవాళ్లు మాలోనూ ఉన్నారు. 1996లో న్యూయార్క్‌లో బయటపడ్డ పొడుగు మీసాల పురుగు చైనా నుంచి ఇలాంటి ప్యాకింగ్ చెక్కల్లోనే వెళ్లింది. దాని మూలంగా వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. వాళ్ల భయం వాళ్లది. మన దగ్గరికి మాత్రం పెట్టెలు రావడం లేదా?

నా బాధల్లా ఒకటే. వేడి చేసే ఛాంబర్‌లో పెట్టని కర్రకి కూడా ముద్ర దొరుకుతుందని ఈ లైనులో అందరికీ తెలుసు. సక్రమంగా వేడి చేసేవాడు కరెంటు బిల్లు, కట్టెల ఖర్చు కలుపుకుని రేటు చెబితే, ముద్ర ఒక్కటే గుద్దేవాడు అందులో సగానికే ఒప్పుకుంటాడు. అనుమతి ఇచ్చినవాళ్లు మళ్లీ వచ్చి థర్మామీటర్ చూసిన రోజు ఉందా? కంటైనర్‌లో స్లాబులు కదలకుండా దూర్చే ఆపు చెక్కకి కూడా ముద్ర ఉండాలని మా వడ్రంగి మేస్త్రీకి ఇంతవరకు ఒక్క అధికారీ చెప్పలేదు. మీటింగులు మాత్రం ఏసీ హాల్లో, బొకేలతో. ఆ మీటింగుకి వెళ్లే కర్నూలు రోడ్డు గుంతల గురించి ఇంకో ఉత్తరం రాయాలి, ఇప్పుడు వదిలేస్తున్నాను.

పలక మీద పొడి ఫొటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. మీ విలేకరి గారు అడిగితే పంపిస్తాను.

- ఒక చిన్న స్లాబుల ఎగుమతిదారు, చీమకుర్తి