నాన్నా, పిడి చేశాను

గ్లాస్గో,
ఆదివారం రాత్రి

నాన్నకు,

నేనిక్కడ క్షేమం. నువ్వు, అమ్మ, తమ్ముడు బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పోయిన వారం అమ్మ ఫోన్ చేసినప్పుడు వెనకాల సుత్తి చప్పుడు వినిపించింది. డాక్టర్ నెల రోజులు కూర్చోమంటే నువ్వు పది రోజులు కూడా ఆగలేదన్నమాట.

ఈ సంగతి ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. కొలిమి దగ్గరుంటే నువ్వు ఫోన్ ఎత్తవు, ఎత్తినా రెండు ముక్కల్లో పెట్టేస్తావు. ఇది రెండు ముక్కల్లో అయ్యేది కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాన్నా, నేనొక కత్తిపిడి చేశాను. ఇనుముతో, నా చేతులతో. కత్తి అన్నానని అమ్మను కంగారు పడొద్దని చెప్పు. దానికి అలుగు లేదు, అలుగు ఉండాల్సిన చోట పేము కర్ర ఉంది. సాము చేయడానికి.

ప్రతి గురువారం డ్యూటీ అయ్యాక ఇక్కడ ఒక చర్చి వెనకున్న హాలుకు వెళ్తున్నానని చెప్పాను కదా. అక్కడ పదీ పన్నెండు మందిమి చేరి ఈ స్కాట్లాండ్ దేశపు పాత కత్తిసాము నేర్చుకుంటాం. చలికాలంలో ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. గదిలో ఒక్కదాన్నే కూర్చోలేక మొదటిసారి వెళ్లాను. తలుపు తీయగానే కర్రకు కర్ర తగిలిన చప్పుడు వినిపించింది. పీర్ల పండుగ రాత్రి గుండం చుట్టూ నువ్వు కర్ర తిప్పుతుంటే నేను నాయనమ్మ కొంగు పట్టుకుని చూసేదాన్ని, ఆ చప్పుడే అది. ఆ రోజే పేరు రాయించుకున్నాను.

వీళ్ల కత్తిని బ్రాడ్‌స్వర్డ్ అంటారు. అలుగు గజానికి కొంచెం తక్కువ. దాని గొప్పతనమంతా పిడిలో ఉంది. చేతి మీద ఇనుప గంప బోర్లించినట్టు పిడి చుట్టూ ఒక బుట్ట ఉంటుంది. సాములో ఎదుటివాడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మన చెయ్యే కదా, దెబ్బ ముందు దానికే పడుతుంది. చెయ్యి పోతే సాము పోయినట్టే అని మీ ఉస్తాద్ అనేవాడని నువ్వే చెప్పావు. ఇక్కడి కమ్మరులు ఆ మాటను ఇనుములో చేసి పెట్టారు.

కర్రతో నేర్చుకునే పద్ధతి కూడా ఇక్కడ పాతదే. దాన్ని సింగిల్‌స్టిక్ అంటారు. ఒకప్పుడు కర్రకు నిజంగా అల్లిన బుట్టే తొడిగేవాళ్లు, తర్వాత తోలుతో చేశారు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉంది. మా హాల్లో ఉన్నవి తోలు బుట్టలు, వాడి వాడి మెత్తబడిపోయాయి. నవంబర్‌లో ఒక దెబ్బ తోలు మీదుగా నా బొటనవేలికి తగిలింది. ఎముక విరగలేదు, కమిలి నల్లబడింది అంతే. రెండు వారాలు ఎడమ చేత్తో అన్నం తిన్నాను. అప్పుడే అనుకున్నాను, నా చేతికి సరిపడే ఇనుప బుట్ట నేనే చేసుకోవాలని.

ముందు అసలువి చూడాలి కదా. ఒక ఆదివారం రైలెక్కి ఎడిన్‌బరా వెళ్లాను. ఛాంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. అక్కడ ఆ కత్తుల ముందు చాలాసేపు నిలబడ్డాను. అందరూ అలుగు చూసి వెళ్లిపోతున్నారు. నేను పిడి చుట్టూ తిరిగి తిరిగి చూశాను. అడుగున పీట, దాని నుంచి పైకి లేచే పట్టీలు, పక్కల చిన్న డాలులాంటి రేకులు, ఆ రేకుల్లో ఆకురాయితో తీర్చిన గుండె ఆకారపు బెజ్జాలు. పట్టీలన్నీ పైకి వెళ్లి పిడి తలకాయలో తీసిన గాడిలోకి దూరతాయి. లోపల చేతికి ఇనుము గీసుకోకుండా తోలు, దాని మీద ఎర్రగుడ్డ. ఆ రేకుల అంచులు నువ్వు చూడాలి నాన్నా. ఎక్కడా పదును మిగలలేదు.

ఇంకో సంగతి తెలిస్తే నువ్వు సంతోషిస్తావు. ఈ కత్తుల అలుగులు చాలావరకు ఇక్కడివి కావు, జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చేవి. ఆండ్రియా ఫెరారా అనే పేరు చెక్కి మరీ పంపేవాళ్లు, ఆ పేరుంటే మంచి అలుగని నమ్మకం. పిడి మాత్రం ఇక్కడి కమ్మరులదే. గ్లాస్గోలో వాళ్లకు 1536 నుంచి ఒక సంఘం ఉంది. పేరు హ్యామర్‌మెన్, అంటే సుత్తి పట్టినవాళ్లు. కమ్మరి, కంసాలి, ఆయుధాలు చేసేవాడు, ఆఖరికి గుర్రపు జీను చేసేవాడు కూడా అందులోనే. గ్లాస్గోలో జాన్ సింప్సన్, స్టిర్లింగ్‌లో వాల్టర్ అలన్ పిడులకు పేరుపడ్డ పనివాళ్లు. సింప్సన్ పిడి మీద ఐ, ఎస్, వాటి కింద గ్లాస్గోకి జి అని ముద్ర ఉంటుంది. అప్పట్లో జాన్‌ను ఐ అక్షరంతో మొదలుపెట్టేవాళ్లు. అలన్ ముద్ర డబ్ల్యూ, ఏ, కింద ఎస్. అది చదివినప్పుడు నీ కొడవళ్ల మీద పిడి దగ్గర నువ్వు కొట్టే మూడు చుక్కలే గుర్తొచ్చాయి. సంతలో వంద కొడవళ్లు కలిపి పోసినా అవి మనవని ఆ చుక్కలు చెప్పేవి.

ఇక్కడి కమ్మరుల ఆ పిడుల పని తర్వాత తగ్గిపోయింది. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ దగ్గర ఇక్కడి కొండజాతుల సైన్యం ఓడిపోయింది. అదే ఏడాది వాళ్లు ఆయుధాలు పట్టకూడదని చట్టం గట్టిగా బిగించారు. ట్రాక్టర్లొచ్చాక కర్రు సాగగొట్టించుకోవడానికి మన కొలిమికి వచ్చేవాళ్లు ఎలా తగ్గిపోయారో చూసినదాన్ని కాబట్టి, ఆ కమ్మరుల ఇళ్లలో ఏం మాట్లాడుకుని ఉంటారో నాకు తెలుసనిపించింది.

ఇక నా పని సంగతి. ఇక్కడ గంటకింత అని కట్టి వాడుకునే వర్క్‌షాప్ ఉంది. బెంచీ, వైస్, డ్రిల్లింగ్ మిషన్, గ్యాస్ టార్చ్ అన్నీ వాళ్లవే. కొలిమి లేదు. 3 మిల్లీమీటర్ల మందం, వేలి వెడల్పు ఉన్న మెత్తని ఇనుప పట్టీ కొన్నాను. ముందు అట్టముక్కలు కత్తిరించి చేతి చుట్టూ పెట్టి చూసుకున్నాను, తర్వాత తీగతో వంపులు వంచాను, ఆ తర్వాతే ఇనుము ముట్టుకున్నాను. పట్టీని టార్చ్‌తో ఎర్రగా కాల్చి, వైస్‌లో బిగించిన పైపు ముక్క మీద సుత్తితో వంచాను. మొదటి రెండు పట్టీలు సరిగా కాలకుండానే కొట్టినట్టున్నాను, వంపు దగ్గర మడత పడ్డాయి. కారణం తర్వాత అర్థమైంది. నా బెంచీ కిటికీ పక్కన ఉంది, వెలుతురులో ఇనుము రంగు తెలియట్లేదు. నువ్వు మన కొలిమికి పడమటి వైపు తడిక ఎందుకు కట్టావో ఇన్నేళ్లకు తెలిసింది. మూడో పట్టీ నుంచి కిటికీకి నా కోటు వేలాడదీసి పని చేశాను.

మొదటి బుట్ట అంతా అయ్యాక పనికిరాలేదు నాన్నా. నా అరచెయ్యి 8 సెంటీమీటర్లు, కొంచెం వదులు పెట్టి లోపల 10 ఉండేలా చేశాను. చేతికి మందపాటి తొడుగు వేసుకుంటామన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. తొడుగుతో నా చెయ్యి 11. పిడి చేతిని చూసి పెట్టాలి, ఏ చేత్తో పని చేస్తారో ఆ చేతిని చూసి పెట్టాలి అని పార కామ చెక్కేటప్పుడు ప్రతిసారీ అనేవాడివి. ఆ మాట చెవులతో విన్నాను, చేత్తో వినలేదు.

రెండో బుట్ట లోపల 13 సెంటీమీటర్లు పెట్టాను. ఆ వదులు చాలుతుందా లేదా అన్నది పరీక్షించడానికి చపాతీ పిండి కలిపి తీసుకెళ్లాను. ఆ ముద్దను తొడుగు మీద వేళ్ల కణుపుల దగ్గర అద్దాను. చెయ్యి లోపల పెట్టకుండా తొడుగులో గుడ్డలు కుక్కి బుట్టలో బిగించి, నాతో సాము చేసే ఆవిడను బలంగా కొట్టమన్నాను. ఆరు దెబ్బల తర్వాత తీసి చూస్తే ముందరి పట్టీ వంగి వచ్చి పిండి మీద సన్నగా గీత పెట్టింది. మిగతా చోట్ల ముద్ద చెక్కుచెదరలేదు. ఆ పట్టీకి అడ్డంగా ఇంకో ముక్క బిగించాక మళ్లీ కొట్టించాను. ఈసారి గీత లేదు. ఆ పిండి ముద్దను చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గీత పడినచోట ఉండాల్సినవి నా వేళ్లు.

సందుల సంగతి కూడా అలాగే నేర్చుకున్నాను. మా కర్రల మందం 27 మిల్లీమీటర్లు. పట్టీల మధ్య సందు అంతకన్నా ఎక్కువుంటే పొడిచినప్పుడు కర్ర కొన లోపలికి దూరుతుంది. మొదటి బుట్టలో ఒకచోట 35 వదిలాను. ఇప్పుడు ఎక్కడా 20కి మించదు.

పట్టీలను వెల్డింగ్ చేయమని వర్క్‌షాప్‌లో అందరూ చెప్పారు. నాకు వెల్డింగ్ రాదు. రివిట్లు కొట్టడం మాత్రం నిన్ను చూసి తెలుసు కాబట్టి అదే చేశాను. 4 మిల్లీమీటర్ల రివిట్, తల కట్టడానికి పైన 6 మిల్లీమీటర్లు వదిలాను. రెండు గురువారాలకే మూడు రివిట్లు కదిలాయి. విప్పి చూస్తే తప్పు నాదే, బెజ్జం నాలుగున్నర వేశాను. ఇనుము ఆ ఖాళీ నిండేదాకా కొట్టకుండా పై తల మాత్రం గుండ్రంగా తీర్చాను. పైకి అందంగా ఉంది, లోపల పట్టు లేదు. మూడింటినీ తీసేసి లావుపాటివి కొట్టాను. తర్వాత నాలుగు సాయంత్రాలు ఆకురాయి పనే. ప్రతి అంచు, ప్రతి రివిట్ తల, లోపలా బయటా వేలు పెట్టి తడిమి చూసుకుంటూ అరగదీశాను. ఎదుటివాళ్ల కర్ర చీలకూడదు, వాళ్ల చెయ్యి గీసుకోకూడదు కదా. లోపల పాత తోలు సంచి కోసి కుట్టాను, దాని మీద ఎర్రగుడ్డ.

కర్ర సంగతి తేలిగ్గానే అయింది. వెదురు చీలితే సూదుల్లా లేస్తుంది, పేము అలా చీలదు, పీచు పీచుగా వదులవుతుంది. అందుకే ఇక్కడ చాలామంది అదే వాడతారు. కర్ర పిడిలో కదలకుండా, పార కామకు కొట్టినట్టు చెక్క చీలిక కొడదామంటే పేము పట్టుకోలేదు, నలిగిపోయింది. అందుకే పిడి తలకాయ దగ్గర అడ్డంగా ఒక సీల దూర్చి బిగించాను. కర్ర పాడైతే సీల లాగి కొత్తది పెట్టుకోవచ్చు, బుట్ట అలాగే ఉంటుంది. అంతా కలిపి 960 గ్రాములు తూగింది. అసలు కత్తులు కిలో పైన, కిలోన్నర లోపు ఉంటాయి. బుట్ట బరువు చేతి దగ్గరే ఉండడం వల్ల కర్ర కొన తేలిగ్గా తిరుగుతుంది.

మొన్న గురువారం దాంతో మొదటిసారి పూర్తిగా సాము చేశాను. మాస్క్, మెడకు పట్టీ, దూదికోటు అన్నీ వేసుకునే. బుట్ట మీద నాలుగైదు దెబ్బలు గట్టిగా పడ్డాయి. చప్పుడే వచ్చింది, చేతికి ఏమీ కాలేదు. అంతకుముందు చేతి మీదికి కర్ర వస్తుంటే వెనక్కి లాక్కునేదాన్ని. ఆ రోజు లాక్కోలేదు.

నాన్నా, చిన్నప్పుడు కొలిమి దగ్గర గాలిచక్రం తిప్పేది నేనే. కొడవళ్లకు కక్కు కొట్టేటప్పుడు పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని. దాగలి ముందు మాత్రం తమ్ముణ్ణే కూర్చోబెట్టావు. నేను చదువుకోవాలని అలా చేశావు, ఆ చదువే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది. అందులో నాకు బాధేమీ లేదు. కానీ ఒక్కసారైనా సుత్తి నా చేతికిచ్చి కొట్టమంటావేమోనని చాలా రోజులు ఎదురుచూశాను. ఈ మాట ఇప్పటిదాకా నీకు చెప్పలేదు.

ఇక్కడ పాతకాలంలో పనివాడు సంఘంలో చేరాలంటే తన చేత్తో ఒక వస్తువు చేసి పెద్దల ముందు పెట్టాలట. వాళ్లు తిప్పి చూసి, బాగుందంటేనే సొంత ముద్ర. ఈ ఉత్తరంతో పాటు పిడి ఫొటోలు ఎనిమిది పంపిస్తున్నాను. అన్ని వైపులా తీశాను, లోపలి రివిట్లు కూడా కనిపిస్తాయి. ఎడమ పక్క కింది వంపు కొంచెం వంకర, అది నాకూ తెలుసు. మిగతావి నువ్వు చూసి చెప్పు. తమ్ముడి ఫోన్‌లో పెద్దవి చేసి చూడు, కళ్లజోడు పెట్టుకుని చూడు.

పీట అడుగున బొటనవేలంత చోటు ఖాళీగా వదిలాను. పంచ్ కొని పెట్టుకున్నాను. నువ్వు సరేనంటే అక్కడ మూడు చుక్కలు కొడతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి